మోత వినబడేది ఒకచోట, పుట్టేది ఇంకోచోట: పార్టు కొనేముందు ఇవి చూడండి

మీరు అడిగింది రెండు సంగతులు. వేగం 60 దాటాక కారు ముందువైపు నుంచి గుయ్యిమని మోత వస్తోంది, రాత్రి ఆపినచోట పొద్దునకల్లా అరచేతంత మరక కనబడుతోంది. చక్రం తేలిగ్గా తిరగడానికి ఉండే బేరింగూ, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌కి ఆయిల్ కారకుండా వేసే ప్యాకింగూ కొని ఇంట్లోనే మార్చేసుకోవచ్చా అన్నారు. మార్చుకోవచ్చు, కానీ ఇప్పుడే ఏదీ కొనకండి. సరిగ్గా ఈ రెండు విషయాల్లోనే నేను తొందరపడి అవసరంలేని పార్టులు మార్చాను.

మోత సంగతి ముందు చెబుతాను. నా కారూ ఇలాగే గుయ్యిమనేది, వేగం పెరిగేకొద్దీ మోత పెరిగేది. కుడి ముందు చక్రం బేరింగే అని తేల్చేసుకుని, ఒక ఆదివారమంతా కూర్చుని మార్చాను. మర్నాడు రోడ్డెక్కితే మోత అలాగే ఉంది. అప్పుడు కారు ఆపి, టైరు మీద అరచేయి పెట్టి ముందుకొకసారి, వెనక్కొకసారి నిమిరాను. ఒకవైపు నిమిరితే నున్నగా ఉంది, రెండోవైపు రంపం పళ్లలా చేతికి తగిలింది. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి వేసి చూస్తే మోత వెనక సీటు కిందికి వెళ్లిపోయింది. టైరు ఎగుడుదిగుడుగా అరిగితే వచ్చే మోత బేరింగ్ మోతలాగే ఉంటుంది. కొత్త బేరింగ్‌కి డబ్బు పెట్టేముందు టైర్లు అటూ ఇటూ మార్చి చూడండి, దానికి జాకీ, పానా ఉంటే చాలు.

అది నిజంగా బేరింగే అయితే ఇంకో గుర్తుంది. పొడవాటి మలుపులో కారు బరువు బయటివైపు చక్రాల మీద పడుతుంది. ఎడమకు తిరిగేటప్పుడు మోత పెరిగి, కుడికి తిరిగేటప్పుడు తగ్గితే కుడివైపు బేరింగ్‌ని అనుమానించాలి. టైరు మోత మాత్రం మలుపు కన్నా రోడ్డుని బట్టి ఎక్కువ మారుతుంది, గరుకు రోడ్డు మీద ఒకలా, నున్నటి రోడ్డు మీద ఇంకోలా వినిపిస్తుంది. చక్రం పైకెత్తి, సస్పెన్షన్ స్ప్రింగ్ చుట్ట మీద నాలుగు వేళ్లు ఆనించి, రెండో చేత్తో చక్రం తిప్పండి. పాడైన బేరింగ్ అయితే చెవికి ఏమీ వినబడకపోయినా వేళ్లకు గరగర తెలుస్తుంది. చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపితే కదులుడు ఉందేమో కూడా అప్పుడే చూసుకోవచ్చు.

అసలు ఏ చప్పుడుకైనా మొదట తేల్చుకోవాల్సింది, అది ఇంజిన్‌తో నడుస్తోందా, చక్రంతో నడుస్తోందా అన్నదే. కారు నిలిపి, న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ తొక్కండి. చప్పుడు వస్తే అది ఇంజిన్‌దో, బెల్టుదో, సైలెన్సర్‌దో. కదిలితే తప్ప రాకపోతే, ఒకే వేగంలో గేరు మార్చి చూడండి. గేరు మారినా చప్పుడు తీరు మారకపోతే అది చక్రాల వైపుది. ఈ ఒక్క పరీక్షతో వెతకాల్సిన జాగా సగానికి సగం తగ్గిపోతుంది.

ఇక మిగతా చప్పుళ్లు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కారు కదిలిస్తే టకటకమంటే ముందు చక్రాన్ని తిప్పే యాక్సిల్ జాయింట్. దాని రబ్బరు బూటు చిరిగి, చక్రం లోపలివైపు గ్రీజు చిమ్మిందేమో చూడండి. చిన్న గతుకుల్లో టక్కుటక్కుమంటే సస్పెన్షన్‌లోని స్టెబిలైజర్ లింకులు, రబ్బరు బుష్‌ల దగ్గర మొదలుపెట్టండి. బ్రేకు కీచుమంటే ప్యాడ్లు చివరికొచ్చాయేమో చూడాలి. చాలా ప్యాడ్లకు అరిగాక డిస్కును గీరి కూతపెట్టడానికే ఒక చిన్న రేకు పెడతారు. కీచు పోయి గరగరమని ఇనుము మీద ఇనుము రాసుకుంటున్న చప్పుడు వస్తే ఆ కారు నడపకండి. ఇంజిన్ లోపలి నుంచి బరువుగా దడదడమని, యాక్సిలరేటర్ తొక్కితే ఎక్కువయ్యే చప్పుడు వస్తే, పైగా ఆయిల్ లైటు కూడా వెలిగితే, వెంటనే ఇంజిన్ ఆపేయండి. ఇంటిదాకా వెళ్దాం అనుకోవద్దు.

పొద్దున స్టార్ట్ చేయగానే బెల్టు కూస్తే, ఇంజిన్ నడుస్తుండగా బెల్టు గాడుల మీద కొద్దిగా నీళ్లు పిచికారీ చేయండి. కూత ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైతే పుల్లీలు ఒక వరుసలో లేవని అర్థం, ఇంకా ఎక్కువైతే బెల్టు బిగువు చాలక జారుతోందని అర్థం. చొక్కా చేతులు మడిచి, చున్నీ, గొలుసు లాంటివి తీసేసి, దూరం నుంచే చేయండి. రేడియేటర్ ఫ్యాన్ కొన్ని కార్లలో ఇంజిన్ ఆపాక కూడా దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది, అక్కడ వేళ్లు పెట్టొద్దు.

ఇప్పుడు మరక దగ్గరికి వద్దాం. ఈ రాత్రి ఒక పెద్ద అట్టపెట్టె విప్పి ఇంజిన్ కింద పరవండి. నాలుగు చక్రాలు ఎక్కడున్నాయో, ముందువైపు ఏదో పెన్నుతో గీయండి. పొద్దున చుక్కలు ఎక్కడ పడ్డాయో, రంగేమిటో, వాసనేమిటో, గ్లవ్స్ వేసుకుని వేళ్ల మధ్య రుద్దితే ఎలా ఉందో చూడండి. నీళ్లలా తేటగా ఉండి, ఏసీ వాడిన రోజే పడితే అది ఏసీ నీరు, దాన్ని వదిలేయండి. గోధుమ రంగో నలుపో ఉండి జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్. ఎర్రగా ఉంటే ఆటోమేటిక్ గేర్ ఆయిలో, స్టీరింగ్ ఆయిలో కావచ్చు. గంధకం వాసనతో చిక్కగా ఉంటే గేర్ ఆయిల్. పెట్రోలు వాసనొస్తే అట్టలూ పరీక్షలూ ఏమీ వద్దు, స్టార్ట్ చేయకుండా, నిప్పు దగ్గరకు రానీయకుండా మెకానిక్‌ని పిలవండి.

పచ్చ, గులాబీ, నారింజ, నీలం రంగుల్లో ఉండి తియ్యటి వాసన వస్తే కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం. వెంటనే కడిగేయండి. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండి, నాకిన కుక్కలు, పిల్లులు చనిపోవచ్చు. పిల్లలకూ అంతే ప్రమాదం. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపల ఒత్తిడి మీద ఉన్న కూలెంట్ మూత వదులవగానే మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. కూలెంట్ తగ్గుతోంది కానీ కింద చుక్క లేదంటే ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే పుల్ల తీసి చూడండి. ఆయిల్ పాలు కలిసిన టీలా ఉంటే ఇంజిన్ పైభాగానికీ కిందిభాగానికీ మధ్య ఉండే హెడ్ ప్యాకింగ్ వైపు చూడాలి, దాన్ని ఇంట్లో చేయమని నేను చెప్పను.

చక్రం లోపలివైపో, పెడల్ దగ్గరో తేటగా, లేత పసుపుగా, జారుడుగా ఉంటే బ్రేక్ ఆయిల్ అనుకోండి. అదైతే కారు కదలకూడదు. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం మెల్లగా తగ్గడం ప్యాడ్లు అరిగినా జరుగుతుంది, కానీ బయట తడి ఉంటే అది లీకే.

మీ మరక ఆయిలే అయితే, ఇక్కడే నేను రెండోసారి పొరపాటుపడ్డాను. చాంబర్ అడుగంతా తడిగా ఉంది, చుక్క డ్రెయిన్ బోల్టు (పాత ఆయిల్ దించడానికి విప్పే బోల్టు) కొన నుంచే పడుతోంది. వాషర్ మార్చాను, తర్వాత చాంబర్ ప్యాకింగ్ కూడా మార్చాను. వారం తిరిగేసరికి మళ్లీ చుక్క. చివరికి ఇంజిన్ వెనకభాగమంతా జిడ్డు వదిలించే డీగ్రీజర్‌తో తుడిచి, ఆరాక పాదాలకు కొట్టుకునే తెల్లటి ఫుట్ పౌడర్ స్ప్రే కొట్టి, అరగంట నడిపి వచ్చి టార్చి వేశాను. ఇంజిన్ పైమూత అయిన ట్యాపెట్ కవర్ వెనక మూల నుంచి వెంట్రుకంత సన్నటి నల్లగీత, తెల్లటి పౌడర్ మీదుగా కిందికి దిగుతూ చాంబర్ అంచు దాకా పోయింది. కారు నడుస్తున్నప్పుడు గాలి ఆయిల్‌ని వెనక్కి, బరువు కిందికి లాగుతాయి. అందుకే చుక్క పడేచోట కాదు, తడి ఉన్నవాటిలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఏముందో చూడాలి. అక్కడ ఒక రబ్బరు ప్యాకింగ్ మార్చాను, అరపూట పని. చుక్క ఆగింది.

కారు కిందికి దూరాల్సి వస్తే ఒక్క మాట, దయచేసి వినండి. జాకీ మీద ఉన్న కారు కిందికి తల పెట్టొద్దు. చదునైన గట్టి నేల మీద, నేల మీదే ఉండే చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టి, జాక్ స్టాండ్ల మీద బరువు దించి, కారును చేత్తో గట్టిగా ఊపి చూసి, అప్పుడు దూరండి. ఇటుకలు బరువుకి ఒక్కసారిగా పగులుతాయి, వాటిని వాడొద్దు.

రేపు పొద్దున అట్ట ఫొటో, టైర్లు నిమిరితే ఎలా ఉన్నాయో, మలుపులో మోత ఎటు పెరుగుతోందో రాయండి. ఆ మూడూ తెలిస్తే ఏ చక్రం విప్పాలో, ఏ మూల తుడవాలో ఇద్దరం కలిసి చూద్దాం.