ఏడాదిగా గ్యాస్ మాత్రలతో నెట్టుకొస్తున్నాను, ఎండోస్కోపీ తప్పదా?

మాత్ర వేసుకుంటే తగ్గుతోంది, మానేస్తే వారంలో మళ్లీ మంట మొదలవుతోంది, ఇప్పుడు డాక్టర్ ఎండోస్కోపీ చేయించుకోమంటున్నారు, అది నిజంగా అవసరమా అని అడిగారు. నేను డాక్టర్‌ని కాను. ఇదే ప్రశ్న వేసుకుంటూ ఎనిమిది నెలలు కాలయాపన చేసిన మనిషిని.

నాకు పొట్ట పైభాగంలో, రొమ్ము ఎముకకి కాస్త కింద మంట. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేసేది. ఏదో ఒకటి తింటే సర్దుకునేది. తింటే తగ్గిపోయేది పెద్ద జబ్బెలా అవుతుందని ధీమా. అదే రోజుల్లో నడుము నొప్పికి రోజూ ఒక నొప్పి మాత్ర మింగేవాణ్ణి. ఈ రెంటికీ సంబంధం ఉంటుందని తట్టనే లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లి "గ్యాస్ అండీ" అన్నాను, ఆయన గ్యాస్‌కే మందు రాశారు. నొప్పి మాత్రల సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఒక వారం మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చింది. విరేచనం తారులా నల్లగా, జిగటగా అయింది. ఐరన్ మాత్రలు వాడేవాళ్లకీ నల్లగా వస్తుంది, కానీ నేను అవి వాడట్లేదు. పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8. అప్పుడు ఎండోస్కోపీ చేస్తే, కడుపు దాటగానే చిన్నపేగు మొదట్లో పుండు కనిపించింది. రోజూ కొంచెం కొంచెంగా రక్తం కారుతోందట. ఎండోస్కోపీ అంటే భయం దేనికంటే, గొంతులో మందు కొట్టి గొట్టం దింపుతారు, డోకు వస్తుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. మత్తు ఇచ్చి కూడా చేస్తారు, ముందే అడగండి.

అక్కడే చిన్న ముక్క తీసి చూస్తే హెలికోబాక్టర్ పైలోరై అనే బ్యాక్టీరియా ఉందని తేలింది. ఇది చాలామంది కడుపులో ఉంటుంది, ఎక్కువమందిని ఏమీ చేయదు. నా విషయంలో నొప్పి మాత్రలు తోడయ్యాయి. కడుపు గోడను యాసిడ్ నుంచి కాపాడే పొర తయారవడానికి కొన్ని పదార్థాలు కావాలి, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి సరిగ్గా వాటినే తగ్గిస్తాయి. ఒకప్పుడు అల్సర్ అంటే టెన్షన్ వల్ల, కారం వల్ల అనేవారు. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్ అనే డాక్టర్ 1984లో ఈ బ్యాక్టీరియాని తానే తాగి కడుపు లోపలి పొరకి వాపు తెచ్చుకుని మరీ చూపించాడు. ఆయనకీ, ఆయనతో కలిసి ఈ బ్యాక్టీరియాని కనిపెట్టిన రాబిన్ వారెన్‌కీ 2005లో నోబెల్ వచ్చింది. ఇంత జరిగినా నేను మాత్రం ఎనిమిది నెలలూ "ఆఫీసు టెన్షన్" అనే అనుకున్నాను.

14 రోజులు యాంటీబయాటిక్స్, యాసిడ్ తగ్గించే మాత్ర కలిపి ఇచ్చారు. నోరంతా ఇనుప చేదు, మధ్యలో మానేద్దామనిపించింది. మానకండి, సగంలో ఆపితే బ్యాక్టీరియా పోదు, రెండోసారి మందులకి లొంగడం కష్టం. కోర్సు అయిన నాలుగు వారాల తర్వాత, ఊపిరి ఊదించి చేసే పరీక్షలో పోయిందని తేలింది. ఆ పరీక్షకి రెండు వారాల ముందు నుంచి యాసిడ్ మాత్ర ఆపాలి. లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా లేదని రావచ్చు.

గ్యాస్ అని చెప్పుకునే వాళ్లందరికీ గొట్టం వేయాల్సిన పనిలేదు. మంట గొంతు దాకా ఎగదన్నితే అది రిఫ్లక్స్ కావచ్చు, భోజనం తర్వాత కుడివైపు డొక్కలో పట్టేస్తే పిత్తాశయంలో రాళ్లు కావచ్చు, ఉబ్బరంతో పాటు ఓసారి మలబద్ధకం, ఓసారి విరేచనాలైతే ఐబీఎస్ (పేగుల పనితీరు గాడి తప్పే సమస్య) కావచ్చు. చిన్న వయసై, వేరే ప్రమాద లక్షణాలేవీ లేకపోతే ముందు ఊపిరి పరీక్షతో మొదలుపెట్టే డాక్టర్లూ ఉన్నారు. కానీ బరువు తగ్గుతున్నా, మింగడం కష్టమవుతున్నా, రక్తహీనత ఉన్నా ఎండోస్కోపీ వాయిదా వేయొద్దు. రక్తపు వాంతి, నల్లటి విరేచనం అయితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఛాతీ నొక్కేసినట్టుండి చెమటలు పడితే గ్యాస్ అనుకుని మాత్ర వెతుక్కుంటూ కూర్చోకండి, అది గుండెపోటు కావచ్చు.

మీరు నొప్పి మాత్రలు గానీ, గుండె కోసం ఆస్పిరిన్ గానీ వాడుతున్నారా? ప్రశ్నలో రాయలేదు. వాడుతుంటే ఈసారి వెళ్లినప్పుడు ముందు అదే చెప్పండి. ఆస్పిరిన్ మాత్రం డాక్టర్‌ని అడక్కుండా మీరే ఆపేయకండి.