కూరగాయల పచ్చడి పది రోజులకే ఎందుకు పాడవుతోంది?

గోబిపువ్వు, క్యారెట్, దొండకాయ కలిపి పెట్టిన పచ్చడిలో పది రోజులకే నీరు ఊరి బూజు పడుతోందని, అదే కొలతలతో పెట్టిన మామిడికాయ తొక్కు మాత్రం ఏడాదంతా నిలుస్తోందని మీరు రాశారు. నల్లగొండలో మా ఇంట్లోనూ మొదటిసారి ఇదే జరిగింది. రెండు కిలోల పచ్చడి పారబోసిన తరువాత గానీ కారణం నాకు బోధపడలేదు.

మామిడికాయకు పులుపు పుట్టుకతోనే ఉంటుంది. గోబిపువ్వుకు, క్యారెట్‌కు పులుపు లేకపోగా లోపల నీరు ఎక్కువ. నూనె దండిగా పోస్తే చాలునని మా అత్తమ్మ అనేవారు కానీ, నూనె పైనుంచి గాలిని ఆపుతుందే తప్ప ముక్కలోని తేమను తీసివేయదు. గాలి తగలని చోటనే పెరిగే విషక్రిములను అణచేది నూనె కాదు, పులుపు, ఉప్పు. పచ్చడి పీహెచ్ (పులుపును కొలిచే అంకె, ఇది ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ) 4.6 కంటే తక్కువగా ఉండాలని చెప్పేది అందుకే.

ఇప్పుడు నేను సంక్రాంతి తరువాత, గోబిపువ్వు చవకగా దొరికే రోజుల్లో ఈ పచ్చడి పెడుతున్నాను. పురుగులు పోయేందుకు పువ్వును విడదీసి ఉప్పు వేసిన వేడినీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, వడకట్టి, మిగతా ముక్కలతో పాటు నూలుబట్ట మీద ఎండలో పరుస్తాను. ఒక పూట చాలదు. ముక్క అంచులు ముడుచుకుని, చేత్తో నొక్కితే చెమ్మ తగలకుండా ఉండాలి. ఈ ఒక్క పనిలో తొందరపడితే తరువాత ఎంత జాగ్రత్తపడినా లాభం లేదు.

ఎండిన ముక్కలు కిలో ఉంటే వేయించి దంచిన దొడ్డు ఉప్పు 125 గ్రాములు, కారం 125 గ్రాములు, ఆవపిండి 75 గ్రాములు, మెంతిపిండి ఒక చెంచా, ఎల్లిగడ్డ రెండు గడ్డలు, నిమ్మరసం పావు లీటరు వేస్తాను. మాకు నకిరేకల్ నిమ్మకాయలు దగ్గరే కనుక రసానికి వెనుకాడను. పల్లినూనె 300 మిల్లీలీటర్లు కాచి, పూర్తిగా చల్లారిన తరువాతనే కలుపుతాను. మొదటి రోజు ఆవపిండి చేదుగా తోస్తుంది. మూడో రోజు తిరగకలిపేసరికి ఆ చేదు తగ్గి, ఘాటు మిగులుతుంది. అప్పుడు రుచి చూసి, పులుపు చాలదనిపిస్తే మరో రెండు నిమ్మకాయలు పిండుతాను.

ఆలుగడ్డ, ముల్లంగి మాత్రం ఇందులో వేయకండి. ఒకటి మెత్తబడుతుంది, రెండోది ఎంత ఎండబెట్టినా నీరు వదులుతుంది. ఇంత చేసినా దీనిని మామిడి తొక్కులాగా ఏడాది దాచే పచ్చడిగా లెక్కపెట్టను. కొంచెం కొంచెంగా పెట్టి, గాజుసీసాలో నింపి, ఫ్రిజ్‌లో ఉంచి రెండు నెలల్లో ముగిస్తాను.

ఇక ఇప్పుడు మీ జాడీలో ఉన్నదానిపై బూజు గీకి, కింది పచ్చడి తినవచ్చా అని కూడా అడిగారు. తినకండి, బూజు వేళ్లు కంటికి కనిపించనంత లోపలికి దిగుతాయి, కాబట్టి మొత్తం పారబోసి, జాడీని వేడినీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టండి.