బుజ్జీ, ఆ ఫారం ముందు నాకు చూపించు

బుజ్జీ,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, బుజ్జి పీహెచ్‌డీ అని చెప్పి ఊళ్ళమ్మట తిరుగుతూ మొగుడి చేత దెబ్బలు తినే ఆడవాళ్ళతో మాట్లాడుతుందంట అక్కా, నువ్వన్నా మానుకోమని చెప్పు అంది. నేనెందుకు చెప్తానే. మీ పెదనాన్నతో మన బుజ్జి నా దారిలోకే వచ్చింది చూశారా అని నాలుగుసార్లు అన్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

చీకటి పడకముందే బస్సెక్కు. టైముకి తిను. ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181 నంబర్ ఒకటి నోటికొస్తే సరిపోదు, దెబ్బలు తిన్నవాళ్ళకి సాయం చేసే సఖి సెంటర్ ఎక్కడుందో, వాళ్ళ ఫిర్యాదులు చూసే ప్రొటెక్షన్ ఆఫీసర్ ఏ రోజు సీట్లో ఉంటారో ముందే వెళ్ళి చూసిరా, ఎవరన్నా ఇప్పుడు నేనేం చెయ్యాలమ్మా అని అడిగితే 2005 గృహహింస చట్టం మీద లెక్చర్ ఇస్తావా ఏంది?

ఇప్పుడు మీ అమ్మకి కూడా చెప్పని సంగతొకటి చెప్తాను. 1998లో ఉదయగిరి వైపు ఒక ప్రాజెక్టుకి సర్వే చేసేదాన్ని. మాట్లాడటానికి ఒప్పుకున్నట్టు సంతకమో వేలిముద్రో తీసుకునే ఫారం ఉంటుంది కదా, మాట్లాడిన ప్రతి మనిషికీ దాని కాపీ ఒకటి ఇవ్వాలని రూలు. ఫారం పైన లావు అక్షరాలతో గృహహింసపై అధ్యయనం అని ఉండేది. ఒకామె, నా వయసుదే, పశువుల కొట్టం దగ్గర కూర్చుని రెండు గంటలు మాట్లాడింది, వేలిముద్ర వేసింది, నేను కాపీ చేతిలో పెట్టి పెద్ద పని చేసినట్టు వచ్చేశాను. ఆమెకి చదువు రాదు. గవర్నమెంటు కాగితమేమో, ఇల్లు గిల్లు వస్తుందేమో అని మడిచి దేవుడి పటం వెనక పెట్టుకుంది. దాన్ని ఆడపడుచు కొడుకు, ఏడో క్లాసు పిల్లాడు, తీసి అందరి ముందూ గట్టిగా చదివాడంట. వాడికి చదవడం వచ్చని గొప్ప, పాపం వాడి తప్పేముంది. నేను మళ్ళీ వెళ్ళేసరికి పదిహేను రోజులైంది. గుమ్మంలోనే చెంబుతో నీళ్ళిచ్చింది, లోపలికి రమ్మనలేదు, ఎడమ చెయ్యి కొంగులో నుంచి బయటికి తియ్యలేదు. మీరు ఇటు రాకుండా ఉంటే అదే పదివేలమ్మా అంది. నేను సారీ కూడా చెప్పలేదు బుజ్జీ, నోరు రాలేదు, బస్టాండ్ దాకా నడుచుకుంటూ వచ్చేశాను. మా రిపోర్టులో ఆమె ఒక నంబరు.

తర్వాత 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అదే డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళు ఇలాంటి స్టడీలకి జాగ్రత్తలు రాశారు, ఇంటికి ఒక్క ఆడమనిషినే అడగండి, సర్వేలో హింస గురించి ఉందని ఊరందరికీ చాటకండి అని. చదువుతుంటే చెంప మీద కొట్టినట్టైంది. అందుకని నీ స్టడీకి ఆడవాళ్ళ ఆరోగ్యం అనో ఇంకేదో పేరు పెట్టు, ఆమెకి మాత్రం ఏం అడగబోతున్నావో ఎవరూ లేనప్పుడు నోటితో విడమరిచి చెప్పు. కాగితం ఇంట్లో వదలొద్దు. ఆమె ఫోన్‌కి మెసేజ్ పెట్టొద్దు, ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో నీకేం తెలుసు. అత్తగారు వచ్చి కూర్చుంటే వెంటనే పిల్లల టీకాల మీదకి మాట మార్చెయ్.

ఇంకోటి, వెళ్ళగానే మీ ఆయన కొడతాడా అని అడక్కు. ఎవరూ చెప్పరు, చెప్పినా మామూలే కదమ్మా అంటారు. కూలి డబ్బులు ఎవరి చేతికొస్తాయని అడుగు. 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు రాత్రి బడిలో కూర్చుని మాట్లాడుకుంది అదే, కూలి డబ్బులు సారా కొట్టుకి పోతున్నాయని. దెబ్బల మాట దాని వెనకే వచ్చింది. ఏడాది తిరిగేసరికి, 1993 అక్టోబరులో, రాష్ట్రమంతా సారా బంద్ అయింది. మొత్తం మద్యనిషేధం 1995లో వచ్చింది, 97కల్లా సడలించేశారు, అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది, సరే ఆ గోల ఇప్పుడెందుకు.

రోజుకి ఇద్దరితో మాట్లాడితే చాలు. మూడో మనిషి దగ్గరికొచ్చేసరికి చెవులు వింటాయి గానీ మనసు వినదు, అది వాళ్ళకి తెలిసిపోతుంది. రాత్రికి నాకు ఫోన్ చెయ్, వాళ్ళ పేర్లు చెప్పొద్దు, నీకు ఏడుపొస్తే ఏడువు, నేను లైన్లోనే ఉంటా.

ఫారం ప్రింట్ కొట్టించే ముందు వాట్సాప్‌లో పంపు. కళ్ళజోడు పెట్టుకునే చదువుతాలే. పైన ఏం రాశావో అది ముందు చూడాలి నాకు.

మీ పెద్దమ్మ