ఒక ఫోను, ఇద్దరు పిల్లలు: ఇంటి బడిపై మీ ప్రశ్నలు

కరోనాతో బడులు మూతబడ్డాక, తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2020 సెప్టెంబరు 1న టీవీ పాఠాలు మొదలయ్యాయి. అప్పట్నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫోన్ల గురించే. నోటుబుక్కుల సంగతి అడిగినవాళ్లు తక్కువ. మాకేమో అసలు చిక్కంతా అక్కడే కనబడుతోంది. 2020 అక్టోబరులో హైస్కూలు పిల్లల గురించి వచ్చిన ప్రశ్నల్లోంచి కొన్ని తీసుకున్నాం.

ప్రశ్న: బాబు పదో తరగతి, పాప ఎనిమిది. ఇంట్లో ఒక్కటే ఫోను, రోజుకు 1.5 జీబీ ప్యాకు. వాళ్ల నాన్న పత్తి చేనుకు పోతే ఫోనూ ఆయన వెంటే పోతుంది. ఉన్న రోజు కూడా మధ్యాహ్నానికే డేటా అయిపోతోంది. ఏం చేయాలి?
– ఒక తల్లి, జోగులాంబ గద్వాల జిల్లా

జవాబు: అమ్మా, మీవి ప్రభుత్వ బడి పిల్లలైతే ముందు టీవీ చూడండి. 2020లో పాఠాలు దూరదర్శన్ యాదగిరిలో, రాష్ట్ర ప్రభుత్వ చదువుల చానెల్ టీశాట్ విద్యలో వచ్చాయి. కేబుల్ ఉంటే ఆ రెండూ ఏ నంబర్లలో వస్తాయో కేబుల్ అబ్బాయిని అడిగి గోడ మీద రాసిపెట్టుకోండి. కనబడకపోతే సెట్‌టాప్ బాక్సులో చానెళ్లను ఒకసారి మళ్లీ వెతికించండి. చాలా ఇళ్లలో చానెల్ ఉండి కూడా లిస్టులోకి ఎక్కలేదు, అంతే.

ఇక ఫోను. డేటాను తినేది పాఠం కన్నా పాఠం చుట్టూ నడిచే సరంజామా. వాట్సాప్ సెట్టింగుల్లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్లి ఫొటోలు, వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ కావడాన్ని ఆపేయండి. ప్లే స్టోర్‌లో అప్‌డేట్లు వైఫై ఉంటేనే జరిగేలా పెట్టండి. యూట్యూబ్‌లో పాఠం చూసేటప్పుడు నాణ్యతను 360కి దించండి. అక్కడ గంటకు సుమారు 300 ఎంబీ అవుతుంది, అంటే అరగంట పాఠానికి 150. అదే 720లో చూస్తే దానికి మూడింతలు పైనే. లెక్కల పాఠంలో అంకెలు కనబడకపోతే ఒక మెట్టు పెంచుకోండి. సాంఘికానికి 240 కూడా చాలు.

రోజువారీ కోటా చాలా ప్యాకుల్లో అర్ధరాత్రి దాటాక మళ్లీ నిండుతుంది. తప్పిపోయిన పాఠాన్ని తెల్లవారుజామున, నాన్న చేనుకు బయల్దేరకముందే డౌన్‌లోడ్ చేసిపెట్టుకుంటే సాయంత్రం ఫోను ఇంటికి రాగానే నెట్ లేకుండా చూడొచ్చు. కోటా అయిపోయాక కూడా వేగం తగ్గుతుందే తప్ప నెట్ పూర్తిగా ఆగిపోని ప్యాకులే ఎక్కువ. ఆ వేగంలో వీడియో నడవదు. మెసేజీ, వాయిస్ నోటు మాత్రం వెళ్తాయి. సందేహాలు అప్పుడు అడగనివ్వండి.

ఒక మాట. ఇద్దరి పాఠాలూ ఒకే వేళకు పడితే పదో తరగతి కదా అని బాబుకు ఫోను ఇచ్చి, పాపను వంటింట్లోకి పంపుతున్నారని మాకొచ్చే ఉత్తరాలే చెబుతున్నాయి. ఒకరు టీవీలో, ఒకరు రికార్డులో చూసేలా రోజు మార్చి రోజు వంతు పెట్టండి.

ప్రశ్న: బోర్డు మీద చెప్పి వీడియో తీస్తే అక్షరాలు కనబడట్లేదంటున్నారు. జూమ్ 40 నిమిషాలకు తెగిపోతోంది. వాట్సాప్‌లో పెడితే వీడియో సగమే వెళ్తోంది.
– గణితం స్కూల్ అసిస్టెంట్, సంగారెడ్డి జిల్లా

జవాబు: మాస్టారూ, బోర్డును వదిలేయండి. పిల్లవాడి చేతిలో ఉన్నది ఐదారు అంగుళాల తెర. దానికి కాగితమే సరైన బోర్డు.

టేబుల్ మీద రెండు వైపులా పుస్తకాలు అడుగు ఎత్తున పేర్చండి. వాటి మీద రెండు చెక్క స్కేళ్లు అడ్డంగా వేసి, ఫోనును బోర్లా కాకుండా తెర పైకి ఉండేలా, వెనక కెమెరా స్కేళ్ల మధ్య సందులోంచి కిందికి చూసేలా పెట్టండి. ఆ ఎత్తులో అడ్డంగా పరిచిన ఏ4 కాగితం తెరంతా నిండుతుంది. కిటికీ మీ ఎడమ చేతి వైపు ఉండాలి. నెత్తిమీద ట్యూబులైటు వేస్తే ఫోను నీడే కాగితం మీద పడుతుంది. రికార్డింగు మొదలుపెట్టే ముందు తెర మీద కాగితం ఉన్న చోట వేలితో నొక్కి పట్టండి, ఫోకస్ అక్కడే నిలిచిపోతుంది. ఇది మర్చిపోతే చెయ్యి లోపలికి వచ్చినప్పుడల్లా బొమ్మ మసకబారి తేరుకుంటుంది.

రాతకు నల్ల స్కెచ్ పెన్ను వాడండి. బాల్ పెన్ను, పెన్సిలు ఆనవు. అక్షరం సెంటీమీటరు ఎత్తు, పేజీకి ఆరేడు వరుసలు. ఫ్యాను ఆపండి. ఇయర్‌ఫోను మైకును చొక్కా గుండీకి తగిలించండి, నోటి ముందు పెడితే ఊపిరి గాలే వినబడుతుంది.

2020లో వాట్సాప్ 16 ఎంబీ దాటిన వీడియోను కత్తిరించమనేది, మీ వీడియో సగమే వెళ్లడానికి కారణం అదే. డాక్యుమెంటుగా పంపితే అప్పట్లో 100 ఎంబీ వరకు వెళ్లేది కానీ ఆ భారం పిల్లల డేటా మీద పడుతుంది. మేమైతే వీడియోనే వద్దంటాం. వర్గ సమీకరణాన్ని కారణాంకాలుగా విడగొట్టే లెక్క తీసుకోండి. నాలుగు మెట్లకు నాలుగు ఫొటోలు, ఒక్కోదానికి అర నిమిషం వాయిస్ నోటు. మధ్య పదాన్ని రెండుగా విడగొట్టే మెట్టు దగ్గర మాత్రం రెండు నిమిషాలు ఆగి ఆ రెండు సంఖ్యలే ఎందుకో చెప్పండి, పిల్లలు జారేది అక్కడే. మొత్తం కలిపి రెండు ఎంబీ కూడా కాదు. 2జీ ఊళ్లో కూడా చేరుతుంది, పిల్లవాడు పదిసార్లు వినొచ్చు.

గ్రూపులో పెడితే ఆడపిల్లల ఇళ్ల నంబర్లు అందరికీ కనబడతాయని కొందరు తల్లిదండ్రులు ఇబ్బంది పడుతున్నారు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడండి. అయితే మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. ముందు ఆ పని చేయించండి.

ప్రశ్న: ఫోను చేస్తే "చూశాం సార్" అంటారు. చూశారో లేదో తెలియదు. తొమ్మిదో తరగతిలో 62 మంది ఉంటే 20 మందికి టీవీ, ఫోను రెండూ లేవు.
– ప్రధానోపాధ్యాయుడు, నారాయణపేట జిల్లా

జవాబు: పాఠం పిల్లవాడికి చేరడం సగం పనే. నోటుబుక్కు మీకు తిరిగి రావాలి. సబ్జెక్టుకు రెండు నోటుబుక్కులు పెట్టించండి: ఒకటి దిద్దడానికి మీ దగ్గర, ఒకటి రాయడానికి వాడి దగ్గర. సోమ, గురువారాల్లో మార్చుకోవాలి. వాడ వాడకూ ఐదారుగురిని ఒక జట్టు చేసి, ఒకరి ఇంటి దగ్గర సంచిలో పోగేయించండి. టీవీ లేని 20 మందినీ అవే జట్లలో కలపండి, మాస్కు పెట్టుకుని, ఎడంగా కూర్చోబెట్టి. పేజీలు తిప్పేటప్పుడు వేలికి ఉమ్మి తడి చేసుకునే అలవాటు పిల్లలకూ ఉంది, మనకూ ఉంది. ఈ రోజుల్లో దాన్ని గట్టిగా మానాలి.

ప్రశ్న ఎలా అడుగుతామన్నది కూడా ముఖ్యమే. "విద్యుత్ సామర్థ్యమును నిర్వచింపుము" అంటే గైడు చూసి రాసేస్తారు. "మీ ఇంట్లో ప్రతి బల్బు మీదా ఎన్ని వాట్లని ఉందో చూసి, నెలకు ఎన్ని యూనిట్లు కాలుతుందో లెక్కకట్టు" అని పదో తరగతి వాళ్లకు ఇవ్వండి. 9 వాట్ల బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే 30 రోజులకు 1350 వాట్ అవర్లు, అంటే 1.35 యూనిట్లు. పక్కింటి లెక్క వేరేగా ఉంటుంది కాబట్టి కాపీ కుదరదు. వెయ్యితో భాగించడం మర్చిపోయినవాడికి 1350 యూనిట్లు వస్తాయి. వాడి చేత కరెంటు బిల్లు తీయించి పక్కన పెట్టిస్తే చాలు, తప్పు వాడికే తెలుస్తుంది.

ఫొటోల మీదే దిద్దాల్సి వస్తే ప్రతి పేజీ పైమూలన రోల్ నంబరు, తేదీ రాయించండి. 62 మంది రెండేసి పేజీలు పంపితే 124 ఫొటోలు, రెండో రోజుకు ఏది ఎవరిదో తెలియదు. పేజీలను స్కాన్ చేసే క్యామ్‌స్కానర్ యాప్‌ను 2020 జూన్ చివర్లో కేంద్రం నిషేధించింది కదా, గూగుల్ డ్రైవ్‌లో ఉన్న స్కాన్ సరిపోతుంది. దిద్దేటప్పుడు మొత్తం కొట్టేయకుండా, మొదట తప్పిన మెట్టు ఒక్కదానికే సున్నా చుట్టండి.

ప్రశ్న: మాది ప్రైవేటు స్కూలు. పొద్దున తొమ్మిది నుంచి మూడు దాకా ఫోనులోనే క్లాసులు. కళ్లు మంటలు, తలనొప్పి.
– పదో తరగతి విద్యార్థిని, వరంగల్

జవాబు: అమ్మాయీ, కేంద్ర విద్యాశాఖ 2020 జులైలో ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాల ప్రకారం 9 నుంచి 12 తరగతులకు రోజుకు నాలుగు ఆన్‌లైన్ క్లాసులే, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు. ఆ కాగితం అమ్మానాన్నలకు చూపించి స్కూల్లో మాట్లాడమను. ఈలోగా 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్న దేన్నైనా 20 సెకన్లు చూడు. రెప్పలు కావాలని ఆర్పు, తెర చూసేటప్పుడు అది తగ్గిపోతుంది, మంటకు ఒక కారణం అదే. దూరంగా ఉన్న అక్షరాలు మసగ్గా ఉంటే మాత్రం కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

ప్రశ్న: 2021లో పది పరీక్షలు ఉంటాయా?
– చాలామంది

జవాబు: జరుగుతాయనుకునే చదవండి. కానీ 2019-20 బ్యాచుకు 2020లో పరీక్షలు రద్దయినప్పుడు తెలంగాణలో గ్రేడ్లు ఇచ్చింది 20 మార్కుల అంతర్గత మూల్యాంకనాన్ని బట్టే. అందుకే రాత పని, ప్రాజెక్టులు, లఘు పరీక్షల కాగితాలు పారేయొద్దు. తేదీ వేసి, టీచర్ సంతకం చేయించి, సబ్జెక్టుకో అట్టలో కట్టి, ఎలుకలకు అందని చోట పెట్టండి.