కొమ్మ తెగితే స్లాత్‌కు దారి తెగినట్టే

(స్లాత్ అంటే చెట్ల కొమ్మలకు తలకిందులుగా వేలాడుతూ చాలా నెమ్మదిగా కదిలే, ఆకులు తినే జంతువు. మధ్య అమెరికాలోని కోస్టారికా దేశపు కరీబియన్ తీర వర్షారణ్యంలో స్లాత్‌లను అధ్యయనం చేసే బృందంలో పనిచేస్తున్న తెలుగు జంతుశాస్త్రవేత్త ఈ నెల పాఠకుల ప్రశ్నలకు జవాబిస్తున్నారు.)

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ చివరి సంవత్సరంలో ఉంది. స్లాత్‌ల మీద పరిశోధన చేస్తానని పట్టుబడుతోంది. రోజంతా చెట్టుకు వేలాడుతూ నిద్రపోయే జంతువులో తెలుసుకోవడానికి ఏముంటుంది? ఆ పనిని నమ్ముకుంటే బతుకు గడుస్తుందా?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: ముందు ఆ నిద్ర సంగతి తేల్చుకుందామండీ. బోనుల్లో ఉన్నవాటిని చూసి, స్లాత్ రోజుకు దాదాపు 16 గంటలు నిద్రపోతుందని చాలాకాలం అనుకున్నారు. పనామాలోని బారో కొలరాడో ద్వీపంలో అడవి స్లాత్‌ల తలకు మెదడు తరంగాలను నమోదు చేసే చిన్న పరికరం అమర్చి చూశారు. ఆ ఫలితాలు 2008లో వెలువడ్డాయి. అవి నిద్రపోయేది సగటున 9.6 గంటలేనని తేలింది. మిగతా సమయమంతా అది మేలుకునే ఉంటుంది, చాలావరకు కదలదంతే. ఆకుల్లో బలం తక్కువ, పైగా వాటిలో విషాలుంటాయి. గదులు గదులుగా ఉన్న పొట్టలో వాటిని పులియబెట్టి అరిగించుకోవడానికి రోజులకు రోజులు పడుతుంది. చాలీచాలని జీతంతో ఇల్లు నడిపే ఇల్లాలిలా అది ప్రతి కదలికనూ ఆచితూచి వాడుకుంటుంది. ఒంటి వేడిని కూడా మనలా ఒకే స్థాయిలో నిలుపుకోదు. చలేస్తే ఎండలోకి, ఉక్కపోస్తే నీడలోకి జరుగుతుంది. పైగా కదలకుండా ఉంటే, దాన్ని వేటాడే హార్పీ గద్ద కంట పడే ప్రమాదమూ తక్కువ.

మీ అమ్మాయికి ఒక దృశ్యం చూపించాలని ఉంది. మూడువేళ్ల స్లాత్ సుమారు వారానికి ఒకసారి మలవిసర్జనకు చెట్టు దిగుతుంది. కాండాన్ని కావలించుకుని, వెనక కాళ్లు ముందు ఆనించుకుంటూ, ఆగి ఆగి దిగుతుంది. నేలకు చేరాక పొట్టి తోకతో తడిమట్టిని కెలికి చిన్న గుంట చేస్తుంది. ఆ కొద్ది నిమిషాల్లోనే దాని బొచ్చులో కాపురముండే చిన్న చిన్న రెక్కల పురుగులు బయటికొచ్చి ఆ మలంలో గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు అక్కడే పెరిగి, రెక్కలొచ్చాక పైకెగిరి మళ్లీ ఏదో ఒక స్లాత్ బొచ్చులో చేరతాయి. దాని వెంట్రుకల మీద అడ్డంగా సన్నని పగుళ్లుంటాయి. వానాకాలంలో వాటిలో నాచు పెరిగి ఒళ్లంతా పచ్చబారుతుంది. పురుగులు ఎక్కువగా ఉన్న బొచ్చులో నత్రజని, నాచు కూడా ఎక్కువగా ఉంటాయని 2014లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. మాంసాహార జంతువులు తిరిగే నేల మీదికి ప్రాణాలకు తెగించి ఎందుకు దిగుతుందన్న దానిపై శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. తెలుసుకోవడానికి ఏముందని అడిగారు కదమ్మా, ఈ ఒక్క ప్రశ్నకే ఒక పరిశోధన జీవితం సరిపోతుంది.

అదే 2014లో రెబెకా క్లిఫ్ అనే బ్రిటిష్ యువ శాస్త్రవేత్త బృందం మరో ముడి విప్పింది. పొట్ట నిండా ఆకులతో తలకిందులుగా వేలాడితే ఆ బరువంతా ఊపిరితిత్తుల మీద పడాలి. అలా పడకుండా కాలేయం, పొట్ట వంటివి నారపోగుల్లాంటి కణజాలంతో కింది పక్కటెముకలకు అతుక్కుని ఉంటాయి. ఆమే 2017లో కోస్టారికాలో స్లాత్‌ల సంరక్షణ కోసం ఒక సంస్థను స్థాపించారు.

బతుకుతెరువు గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. ఇందులో డబ్బు తక్కువ, ఉద్యోగాలు కూడా తక్కువే. ఏడాది పొడవునా వాన కురిసే అడవిలో మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకుని, ఒక చేత్తో యాంటెన్నా పట్టుకుని, స్లాత్‌కు కట్టిన మెడపట్టీ నుంచి వచ్చే రేడియో సంకేతం కోసం గంటల తరబడి తిరగాలి. విషపాములుంటాయి. అయినా అమ్మాయి మనసు ఇటే ఉంటే ఆపకండి. ముందు మన దగ్గరే గట్టి పునాది వేసుకోమనండి. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థలోనూ, బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రం (ఎన్‌సీబీఎస్)లోనూ వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ ఉంది. హైదరాబాద్‌లో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల అంతరించిపోతున్న జంతువుల మీద పనిచేస్తుంది. వీలైతే అక్కడ ప్రాజెక్టు చేయమనండి. స్పానిష్ ఇప్పుడే మొదలుపెట్టాలి. ఇక్కడి రైతుతో అతని భాషలో మాట్లాడలేనివాళ్లు అతని తోటలో చెట్టును కాపాడలేరు. స్వచ్ఛంద సేవ పేరుతో డబ్బు కట్టించుకుని స్లాత్ పిల్లలను ఎత్తుకోనిచ్చే చోట్లకు మాత్రం పంపకండి.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. డిసెంబరు సెలవుల్లో కోస్టారికా వస్తున్నాం. పిల్లలు స్లాత్‌ను ఎత్తుకుని ఫొటో దిగాలని ఆశపడుతున్నారు. ఎక్కడికి వెళ్లాలి?
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: దయచేసి ఎత్తుకోనివ్వకండి. మూడువేళ్ల స్లాత్ ముఖం మీది చారల వల్ల అది ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉంటుంది, భయంతో బిగుసుకుపోయినా అలాగే ఉంటుంది. చేతుల్లో కదలకుండా ఉంటే హాయిగా ఉందని పిల్లలు అనుకుంటారు. బ్రెజిల్, పెరూలలో పర్యాటకులు చేతులు మార్చుకునే స్లాత్‌లను గమనించిన పరిశోధకులు 2018లో తమ ఫలితాలు ప్రకటించారు. అవి చుట్టూ బెదురుగా చూడటం, కాళ్లూచేతులూ చాచడం వాళ్లు నమోదు చేశారు. అలాంటి ఫొటోలకు చూపించే పిల్ల స్లాత్ చాలాసార్లు తల్లి ఒంటి నుంచి లాగేసినదే. ఏ ఆకు తినాలో తల్లి పొట్టను పట్టుకుని నెలల తరబడి నేర్చుకోవలసిన వయసది. అడవి జంతువులతో సెల్ఫీలు వద్దని కోస్టారికా ప్రభుత్వం 2019లోనే ప్రచారం మొదలుపెట్టింది. 2021లో స్లాత్‌ను జాతీయ చిహ్నాల్లో ఒకటిగా ప్రకటించింది.

మాన్యుయెల్ ఆంటోనియో, కవీత జాతీయ పార్కులకు వెళ్లండి. టెలిస్కోపు ఉన్న స్థానిక గైడును పెట్టుకోండి. అందులోంచి చూస్తే గోళ్లు, ముక్కు మీది తడి కూడా కనిపిస్తాయి. పిల్లలకు అది చాలు.

తీరం వెంట కారులో వెళ్తున్నప్పుడు రోడ్డుకు అడ్డంగా, చెట్టుకూ చెట్టుకూ మధ్య కట్టిన తాళ్లు కనబడితే ఆగి చూపించండి. స్లాత్ కోతిలా దూకలేదు. హోటలు కోసమో, ఇంటి కోసమో నడిమి చెట్టు కొట్టేస్తే దానికి మిగిలే దారులు రెండే: నేల, కరెంటు తీగ. నేల మీద కుక్కలు, వాహనాలు. పైపూత లేని తీగను కొమ్మనుకుని పట్టుకుంటే వెంటనే చావు, లేదా చేయి కాలిపోవడం. చేయి కాలిన తల్లిని, దాని పొట్ట మీద ఏమీ కానట్టు అతుక్కుని ఉన్న పిల్లను చేతుల్లోకి తీసుకున్నాను. అప్పటి నుంచి అలాంటి తాళ్ల వంతెన కట్టే ప్రతి ఉదయం నాకు పండగే. 1996 అటవీ చట్టం కింద చెట్లను నిలబెట్టిన భూయజమానులకు ఇక్కడ డబ్బు చెల్లిస్తారు. 1980లలో బాగా తరిగిపోయిన అడవి మళ్లీ సగం దేశానికి పైగా పరుచుకుంది. కానీ విస్తీర్ణం ఎంతున్నా కొమ్మకు కొమ్మ తగలకపోతే స్లాత్‌కు ఉపయోగం లేదు. పిల్లలు ఫొటోకు పెట్టే డబ్బుతో ఒక మొక్క నాటించండి. గ్వారుమో చెట్టయితే త్వరగా ఎదుగుతుంది.

ప్రశ్న: శేషాచలం అడవుల్లో ఉండే దేవాంగ పిల్లి కూడా స్లాత్ జాతిదేనా?
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: కాదు బాబూ. దేవాంగ పిల్లి (స్లెండర్ లోరిస్) మనలాగా, కోతిలాగా ప్రైమేట్ అనే వర్గానికి చెందినది. రాత్రిపూట పురుగులను వేటాడుతుంది. స్లాత్ చుట్టాలు చీమలు తినే యాంట్‌ఈటర్లు, ఆర్మడిల్లోలు. అడవి స్లాత్‌లు మధ్య, దక్షిణ అమెరికాల్లో తప్ప ఎక్కడా లేవు. అయితే రెండింటి కష్టమూ ఒకటే. దేవాంగ పిల్లి కూడా కొమ్మ నుంచి కొమ్మకు పాకుతూ వెళ్లేదే, చెట్ల వరస తెగితే రోడ్డు మీదికి దిగి చచ్చిపోతుంది. మూఢనమ్మకాలతో దాన్ని పట్టుకునేవాళ్లూ ఉన్నారు. దాని కోసం 2022లో తమిళనాడు కడవూరు దగ్గర ప్రత్యేకంగా అభయారణ్యం ఏర్పాటు చేసింది. మీ కాలేజీ పరిసరాల్లో అది కనబడితే టార్చిలైటు కళ్లలోకి వేయకండి. ఏ చెట్టు మీద, ఎన్ని గంటలకు కనబడిందో రాసిపెట్టి అటవీశాఖ వాళ్లకు ఇవ్వండి. ఆ చెట్లను నరకడానికి ఎవరైనా వస్తే ఆ కాగితమే మీకు ఆధారం.