స్లైడ్ ఫోన్ల ముచ్చట్లు: మీరడిగారు, నేను చెప్తున్నా

పోయిన నెల ఈ కాలమ్‌లో ఒకరు "కీప్యాడ్ పక్కకి జారే ఫోన్ మీరెప్పుడైనా వాడారా" అని అడిగితే "వాడాను, నాలుగేళ్ళు" అని ఒక్క ముక్క రాసి వదిలేశా. అంతే, ఇక ఈ నెల వచ్చినవన్నీ అవే ప్రశ్నలు. మొబైల్ రీచార్జ్ ప్రశ్నలు, పాస్‌వర్డ్ ప్రశ్నలు అన్నీ వచ్చే నెలకి తోసేసి ఈసారికి వీటితోనే కానిచ్చేద్దాం.

ప్రశ్న: సొరుగు సర్దుతుంటే నా పాత స్లైడ్ ఫోన్ బయటపడింది సార్. మా అబ్బాయి చేతిలోకి తీసుకుని "నాన్నా, ఇటుకరాయిలా ఉందేంటి, టచ్ స్క్రీన్ ఉంది కదా మళ్ళీ కీప్యాడ్ ఎందుకు పెట్టారు" అన్నాడు. నాకు జవాబు తెలీలేదు.

జవాబు: మీ అబ్బాయి తప్పేం అన్లేదు, ఇటుకే అది. ఆండ్రాయిడ్‌తో మార్కెట్లోకొచ్చిన మొట్టమొదటి ఫోన్ టీ-మొబైల్ జీ1, హెచ్‌టీసీ డ్రీమ్ అన్నా అదే, 2008 అక్టోబర్‌లో వచ్చింది, దాని మందం 17 మిల్లీమీటర్లు, అంటే ఇప్పటి ఫోన్లు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. స్క్రీన్ చూస్తే 3.2 అంగుళాలే. ఇక కీప్యాడ్ ఎందుకంటే, ఆ ఫోన్ వచ్చినప్పుడు దాన్లో స్క్రీన్ మీద కీబోర్డ్ అన్నదే లేదండీ! నమ్మరు గానీ నిజం. 2009లో కప్‌కేక్ అనే ఆండ్రాయిడ్ 1.5 వెర్షన్ వచ్చేదాకా ఒక్క అక్షరం కొట్టాలన్నా స్క్రీన్ జరపాల్సిందే, వైఫై పాస్‌వర్డ్ అయినా సరే, ఎవరికైనా "సరే" అని మెసేజ్ పెట్టాలన్నా సరే, టక్కున తెరువు, రెండక్షరాలు కొట్టు, టక్కున మూయి. స్క్రీన్ అడ్డంగా తిరగాలన్నా మొదట్లో కీప్యాడ్ తెరవడమే దారి, ఫోన్ పక్కకి వంచితే దానంతటదే తిరగడం కూడా ఆ 1.5తోనే వచ్చింది. ఇంకో మాట, అది మనం అనుకున్నట్టు తిన్నగా జారేది కాదు, కొంచెం విల్లులాగా వంపు తిరిగి పైకి లేచి కూర్చునేది. ఆ టక్ అనే చప్పుడు కోసమే పనేం లేకపోయినా తెరిచి మూసేవాళ్ళు చాలామంది. నాతో సహా.

ప్రశ్న: జీ1లో మెసేజ్ రాస్తూ మధ్యలో "రీబూట్" అనే మాట కొడితే ఫోన్ నిజంగానే ఆఫ్ అయ్యి ఆన్ అయ్యేదట కదా. మా ఫ్రెండ్ చెప్తే కోతలనుకున్నా.

జవాబు: కోతలు కాదు. మధ్యలో కొడితే కాదు గానీ, ఇంగ్లిష్‌లో ఆ మాట ఒక్కటే కొట్టి ఎంటర్ నొక్కితే ఫోన్ రీస్టార్ట్ అయ్యేది. 2008 నవంబర్‌లో బయటపడింది ఈ సంగతి. ఫోన్ లోపల కమాండ్లు తీసుకునే షెల్ ఒకటుంటుంది కదా, దాన్ని టెస్టింగ్ కోసం పెట్టుకుని మూయడం మర్చిపోయారు, అదీ ఫుల్ పవర్స్‌తో, అంటే రూట్‌గా నడుస్తూ. మీరు కీప్యాడ్ మీద ఏం కొట్టినా అది చాట్‌లోకీ పోయేది, వెనకాల ఆ షెల్‌లోకీ పోయేది. "బాగున్నావా" అంటే దానికి అర్థం కాదు కాబట్టి ఊరుకునేది, అర్థమయ్యే మాట పడితే మాత్రం మాట వినేసేది. రీబూట్ కాబట్టి నవ్వుకుని వదిలేశారు, ఫైళ్ళు తుడిచేసే కమాండ్ ఎవరైనా సరదాగా టైప్ చేసుంటే ఏమయ్యేదో ఆలోచించండి. కొద్ది రోజుల్లోనే అప్‌డేట్ ఇచ్చి మూసేశారు లెండి.

ప్రశ్న: మా ఇంట్లో రోజూ ఇదే గొడవ. టచ్ కీబోర్డ్ మీదే స్పీడ్‌గా కొట్టొచ్చని మా ఆయన, నా పాత స్లైడ్ ఫోన్ మీద నేను ఇంతకంటే స్పీడ్‌గా కొట్టేదాన్నని నేను. మీరైనా తేల్చండి.

జవాబు: అమ్మా, మీ ఇంటి గొడవలో నన్ను పెట్టకండి అనాలని ఉంది గానీ ఈ విషయంలో నేను మీ పార్టీయే, కాబట్టి చెప్తా. స్పీడ్ లెక్క పక్కన పెట్టండి, అలవాటైన వేళ్ళు దేని మీదైనా పరిగెడతాయి. అసలు తేడా కళ్ళది. బటన్‌కి అంచు ఉంటుంది, వేలు ఎక్కడుందో వేలికే తెలుస్తుంది, నొక్కితే లోపల చిన్న రేకు గిన్నె ఒకటి లొట్టపడి మళ్ళీ లేస్తుంది, ఆ "టిక్" తగిలిందంటే అక్షరం పడిందనే లెక్క, చూసుకోనక్కర్లేదు. నేను టేబుల్ కింద ఫోన్ పెట్టుకుని ఎదుటి మనిషి మొహంలోకి చూస్తూ రెండు లైన్ల మెసేజ్ కొట్టేవాణ్ణి, తప్పుల్లేకుండా. ఇప్పుడు అద్దం మీద కొడితే కళ్ళు కీబోర్డ్ మీద ఉంటాయి, ఏం పడిందో పైన చూసుకోవడం ఇంకో పని, వేళ్ళకి ఏమీ తెలీదు.

ఇంకోటి కూడా ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. మనం తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్ళం కదా. స్లైడ్ కీప్యాడ్ మీద ఏం నొక్కితే అదే పడేది. టచ్ కీబోర్డులు మొదట్లో అలా కాదు, మనం "తిన్నావా" అని కొడితే ఇదేదో స్పెల్లింగ్ మిస్టేక్ అనుకుని దాని డిక్షనరీలో ఉన్న ఏదో ఇంగ్లిష్ మాటగా మార్చేసి కూర్చునేది, చూసుకోకుండా పంపామా, అవతలి వాళ్ళు బుర్ర గోక్కోవడమే. నేను పెట్టిన ఒక పరామర్శ మెసేజ్ అట్లా పోయి ఎంత నవ్వులపాలయ్యానో ఇక్కడ రాయలేను.

ఇక దిద్దుకోవడం. రాసినదాంట్లో మధ్యలో ఒక్క అక్షరం తప్పు పడింది, అక్కడికి వెళ్ళాలి. జీ1లో కింద చిన్న గోళీ ఉండేది, ట్రాక్‌బాల్, దాన్ని బొటనవేలితో రెండు సార్లు దొర్లిస్తే కర్సర్ కరెక్ట్‌గా అక్కడికే పోయేది. 2009 చివర్లో వచ్చిన మోటొరోలా డ్రాయిడ్‌లో, అదే మైల్‌స్టోన్‌లో, కుడిపక్క బంగారు రంగు బటన్ ఒకటుండేది నాలుగు వైపులకీ పోవడానికి, నోకియా ఎన్900లో అయితే కంప్యూటర్లో లాగా యారో కీలు. ఇప్పుడు అద్దం మీద వేలు పెట్టి ఆ రెండక్షరాల మధ్యకి కర్సర్‌ని దూర్చడానికి మూడుసార్లు తంటాలు పడి, చివరికి మాట మొత్తం చెరిపేసి మళ్ళీ రాస్తాం.

మీ ఆయన వైపు కూడా ఒక మాట చెప్పాలి కాబట్టి, ఒంటి చేత్తో మాత్రం టచ్‌దే పైచేయి. బస్సులో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని నిలబడి పక్కకి జారే ఫోన్‌లో మెసేజ్ కొట్టడం మానవమాత్రుడి వల్ల కాదు. నిలువుగా కిందికి జారే పామ్ ప్రీ, బ్లాక్‌బెర్రీ టార్చ్ లాంటివి వచ్చాయి గానీ వాటి బటన్లు కందిగింజలంత. ఇక రాజీ పడండి ఇద్దరూ.

ప్రశ్న: నా దగ్గరున్న స్లైడ్ ఫోన్ మూసి ఉన్నప్పుడు బాగానే పనిచేస్తుంది, తెరవగానే స్క్రీన్ నల్లగా అయిపోతుంది, సగం తెరిచి పట్టుకుంటే మళ్ళీ వస్తుంది. దెయ్యం పట్టిందా?

జవాబు: స్ట్రిప్ పోయింది. ఈ ఫోన్లలో స్క్రీన్ ఉన్న ముక్క, కీప్యాడ్ ఉన్న ముక్క వేరు వేరు, రెండిటినీ కలిపేది కాగితంలా పలచగా ఉండే ఒక ఫ్లెక్స్ కేబుల్, రిపేర్ చేసేవాళ్ళు స్ట్రిప్ అంటారు. తెరిచిన ప్రతిసారీ అది వంగుతుంది, మూసిన ప్రతిసారీ ఇంకో వైపు వంగుతుంది. రోజుకి యాభై సార్లు వేసుకోండి, ఏడాదికి పద్దెనిమిది వేలు దాటుతుంది. ప్లాస్టిక్ తట్టుకుంటుంది గానీ దాన్లో ఉన్న వెంట్రుకల్లాంటి రాగి గీతలు ఒక్కొక్కటీ చిట్లడం మొదలుపెడతాయి, అందుకే ఒక కోణంలో వస్తుంది, ఇంకో కోణంలో పోతుంది. నా ఫోన్‌కి రెండో ఏడాదే వచ్చింది ఈ రోగం. కొన్నాళ్ళు సరిగ్గా ముప్పావు వంతు తెరిచి, ఊపిరి బిగబట్టి మెసేజ్‌లు కొట్టేవాణ్ణి. మార్చడం కుదురుతుంది గానీ ఫోన్ మొత్తం విప్పాలి, పైగా ఇప్పుడు దొరికే స్ట్రిప్పులు కూడా ఏళ్ళ తరబడి మూల పడున్నవే. ఊరికే దాచుకోవడానికైతే మార్చకండి.

కొన్ని బటన్లు మాత్రమే పడకపోతే అది వేరే సంగతి, ఎక్కువగా దుమ్ము, నూగు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది ఇయర్‌బడ్ తడిపి, పిండేసి, బటన్ అంచుల వెంట తుడవండి, బ్యాటరీ తీశాకే సుమా. కొబ్బరినూనె వేసి తిప్పానని ఒకాయన రాశారు, ఆయనకి జవాబివ్వడం నా వల్ల కాదు.

ప్రశ్న: ఆ రోజుల్లో తెలుగు వెబ్‌సైట్లు చూసేవాళ్ళా మీరు? నా ఫోన్‌లో అన్నీ డబ్బాలే కనిపించేవి.

జవాబు: అందరికీ డబ్బాలే. ఫోన్లో తెలుగు ఫాంట్ లేదు, ఉన్నా వత్తులూ గుణింతాలూ కలిపి చూపించే తెలివి ఆ సాఫ్ట్‌వేర్‌కి లేదు. అప్పుడు మనల్ని కాపాడింది ఒపెరా మినీ అనే బ్రౌజర్. అడ్రస్ బార్‌లో ఒపెరా, కోలన్, కాన్ఫిగ్ అని కొడితే ఒక సెట్టింగ్స్ పేజీ వచ్చేది, చివర్లో కష్టమైన లిపులకి బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడాలా అనే లైన్ ఉండేది, అక్కడ ఎస్ పెట్టి సేవ్ చేస్తే చాలు. వాళ్ళ సర్వర్‌లోనే అక్షరాల్ని బొమ్మలుగా గీసి పంపేవాళ్ళు, మన ఫోన్‌కి తెలుగు రావక్కర్లేదు. కొంచెం మసగ్గా ఉండేది, పేజీ రావడానికి టైం పట్టేది. అయినా ఆ 3.2 అంగుళాల్లో మొదటిసారి "అ" కనిపించిన రోజు ఎంతమందికి ఫోన్ తిప్పి చూపించానో. చదవడం దాకా సరే, రాయడానికి మాత్రం మళ్ళీ ఆ ఇంగ్లిష్ అక్షరాలే గతి.

ప్రశ్న: అప్పట్లో "మెమరీ తక్కువుంది" అని ఊరికే వచ్చేది, కార్డ్ ఖాళీగా ఉన్నా సరే. ఎందుకు?

జవాబు: యాప్‌లు కార్డ్‌లోకి పోవు కాబట్టి. జీ1లో లోపలున్నది 256 ఎంబీ, దాంట్లో సిస్టమే చాలావరకు తినేసేది. యాప్‌ని కార్డ్‌లోకి జరపడం 2010లో ఆండ్రాయిడ్ 2.2తో వచ్చింది, జీ1కి కంపెనీ ఇచ్చింది 1.6 దాకానే. ఒకటి వేయాలంటే ఒకటి తీసేయడం, అద్దె ఇంట్లో సామాను సర్దుకున్నట్టు.

ప్రశ్న: పాత స్లైడ్ ఫోన్ చార్జింగ్ పెట్టి ఒకసారి ఆన్ చేద్దామనుంది. ఏమైనా ప్రమాదమా?

జవాబు: ముందు వెనక మూత తీసి బ్యాటరీ చూడండి, మూత తీసే అదృష్టం ఈ ఫోన్లకే ఉంది. టేబుల్ మీద పెట్టి వేలితో తిప్పితే బొంగరంలా తిరిగిందంటే ఉబ్బిందనే, దాన్ని చార్జింగ్ పెట్టొద్దు, గుచ్చొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. చదునుగా ఉంటే పెట్టండి గానీ పక్కనే ఉండండి, పెట్టేసి పడుకోవద్దు.

ఆన్ అయితే దయచేసి ఫ్యాక్టరీ రీసెట్ మాత్రం చేయకండి. ఆండ్రాయిడ్ 2.3.7, అంతకంటే పాతవాటిలో గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అవడం 2021 సెప్టెంబర్ 27 నుంచి ఆపేశారు. రీసెట్ చేసి మొదటి స్క్రీన్‌లోనే లాగిన్ అడిగిందంటే ఇక అక్కడే కూర్చుంటారు. బ్రౌజర్‌తో కూడా పెద్దగా ఆశ పెట్టుకోవద్దు, ఇప్పటి సైట్ల సెక్యూరిటీ పద్ధతులు దానికి తెలీవు, చాలావరకు తెరుచుకోవు. చేయాల్సింది ఒక్కటే, లోపలున్న పాత మెసేజ్‌లు చదువుకోండి, కావాల్సినవి ఇప్పటి ఫోన్‌తో ఫొటో తీసుకోండి. కార్డ్‌లో ఉన్న ఫొటోలు కంప్యూటర్లోకి లాగేయండి, 3 మెగాపిక్సెల్ ఫొటోలైనా మనుషులు గుర్తుపట్టేలానే ఉంటారు.

ప్రశ్న: ఇంత మంచివైతే ఎందుకు పోయాయి సార్?

జవాబు: స్ట్రిప్ సంగతి పైన చెప్పాను కదా, సగం జవాబు అక్కడే ఉంది. కదిలే ముక్క ఉన్న ప్రతిదీ అరుగుతుంది, వదులవుతుంది. పైగా కంపెనీ వైపు నుంచి చూడండి, ఇంగ్లిష్‌కి క్వర్టీ అనే అక్షరాల వరస, జర్మన్‌కి వేరే, ఫ్రెంచ్‌కి ఇంకో వరస, ప్రతి దానికీ విడిగా బటన్లు అచ్చు కొట్టాలి. అద్దం మీదైతే ఒక సాఫ్ట్‌వేర్, తెలుగు కావాలంటే తెలుగు. 2007లో ఐఫోన్ చూపించిన రోజే స్టీవ్ జాబ్స్ ఇదే వాదన పెట్టాడు, బటన్లు మీకు కావాలన్నా వద్దన్నా అక్కడే ఉంటాయని. నాకు ఒళ్ళు మండింది గానీ, తెలుగు వరకు ఆయన మాటే నెగ్గింది, ఒప్పుకోవాలి. ఏ స్లైడ్ ఫోన్ మీదా నేను "క్ష" అనే బటన్ చూళ్ళేదు. స్క్రీన్లు పెరిగాక, వేలు ఎత్తకుండా గీస్తే మాట పడే కీబోర్డులొచ్చాక జనం అటు పోయారు. 2015లో బ్లాక్‌బెర్రీ ప్రివ్, 2019లో ఎఫ్ఎక్స్‌టెక్ ప్రో1 అని మధ్య మధ్యలో వచ్చాయి, ఇష్టమున్నవాళ్ళు కొనుక్కున్నారు, అంతటితో సరి.

ప్రశ్న: మీ ఫోన్ ఇప్పుడెక్కడుంది?

జవాబు: ఈ టేబుల్ మీదే, బ్యాటరీ తీసేసి ఉంది. ఎవరైనా ఫోన్ చేసి గంటసేపు మాట్లాడుతుంటే ఎడమ చేత్తో దాన్ని తెరుస్తూ మూస్తూ కూర్చుంటా. స్ట్రిప్ ఎప్పుడో తెగిపోయింది కాబట్టి ఇక పోయేదేం లేదు. ఆ టక్ టక్ ఏంటని మొన్న మా చెల్లెలు లైన్లోనే తిట్టింది.