అడగండి, చెబుతాం: అయస్కాంతం లేని తోపు ఎక్కడిది?

ప్రశ్న: సార్, మాది రాయగడ. మా అబ్బాయి బరంపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్. పండక్కి వచ్చి ఒకటే గోల, స్పిన్ టెక్స్చర్ అని. లోహంలో ఎలక్ట్రాన్ల బుల్లి అయస్కాంతాలు, అదే స్పిన్‌లు, సుడి తిరిగి ఉంటే అందులోంచి పోయే ఎలక్ట్రాన్ పక్కకి ఒరుగుతుందట, అదీ మనం బయట పెట్టిన అయస్కాంతం లెక్కకి మించి! నేను ఎలక్ట్రీషియన్‌ని. ఆ ఎక్కువ తోపు ఎక్కణ్నుంచి వస్తుందో నా బుర్రకెక్కలేదు.
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: మీ అనుమానం సబబే. కరెంటు పోయే రేకుకి అయస్కాంతం చూపిస్తే పక్క అంచుల మధ్య కాస్త వోల్టేజి పుడుతుందని 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టాడు, ఎలక్ట్రిక్ స్కూటర్ యాక్సిలరేటర్లో సెన్సర్ పనిచేసేది ఆ సూత్రంతోనే. మీవాడు చెప్పేది దానికి పైన వచ్చేది.

మీ జిల్లా కొండల్లో దొరికే మాంగనీసు ఉంది కదా, దానికి సిలికాన్ కలిస్తే మాంగనీస్ సిలిసైడ్. బాగా చల్లబరిచి కొద్దిపాటి అయస్కాంత క్షేత్రంలో పెడితే అందులో స్పిన్‌లు చిన్న చిన్న సుడులు కడతాయని 2009లో తేలింది. అంచున పైకి చూసే స్పిన్‌లు లోపలికొచ్చే కొద్దీ వాలుతూ వాలుతూ నడిమికొచ్చేసరికి తలకిందులవుతాయి. ఈ సుడి పేరు స్కిర్మియాన్, ఒకదానికీ పక్కదానికీ ఎడం సుమారు 20 నానోమీటర్లు.

ఇప్పుడు ఒక బత్తాయి, ఒక అగ్గిపుల్ల తెచ్చుకోండి. తొడిమ దగ్గర పుల్లని కిటికీ వైపు చూసేలా పడుకోబెట్టి, ఎక్కడా మెలిపెట్టకుండా కిటికీ వైపే నడుం దాకా జార్చండి. అక్కణ్నుంచి నడుం వెంట కుడికి పావు చుట్టు జరిపి మళ్లీ తొడిమ దగ్గరికి తీసుకురండి. పుల్ల ఇప్పుడు కిటికీ వైపు లేదు, కుడివైపు తిరిగిపోయింది! మీరు తిప్పలేదు, పండు గుండ్రంగా ఉండటమే తిప్పింది. ఎలక్ట్రాన్ స్పిన్ కూడా చుట్టూ ఉన్న స్పిన్‌ల వాలుని బట్టి వాలుతూ పోతుంది కాబట్టి సుడి దాటేసరికి దాని అలలో (ఎలక్ట్రాన్ అలలా కూడా నడుస్తుంది) ఇలాంటి తేడాయే మిగులుతుంది. దీన్ని బెర్రీ ఫేజ్ అంటారు. 1984లో బ్రిటిష్ శాస్త్రవేత్త మైకేల్ బెర్రీ చెప్పాడు గానీ, కాంతి విషయంలో ఇలాంటిదాన్ని 1956లోనే మన శాస్త్రవేత్త ఎస్. పంచరత్నం బెంగళూరులో పట్టుకున్నాడు, ఆ పేరు కూడా చెబితే బాగుండు.

సరే, తోపు సంగతి. అయస్కాంత క్షేత్రం కూడా ఎలక్ట్రాన్ అలలో సరిగ్గా ఇలాంటి తేడానే తెస్తుంది. ఏది తెచ్చిందో ఎలక్ట్రాన్‌కి తెలియదు, రెండింటికీ ఒకేలా ఒరుగుతుంది. ఇంతకీ ఆ లేని క్షేత్రం ఎంతంటే, కాగితం మీద 10 టెస్లాల (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే లెక్క) పైమాటే, ఆస్పత్రి ఎంఆర్ఐ మామూలుగా 1.5 లేదా 3. ఎలక్ట్రాన్ల స్పిన్‌లన్నీ ఒకే వైపు ఉండవు కాబట్టి కొలిస్తే ప్రభావం చాలా తక్కువే కనిపిస్తుంది, అది వేరే సంగతి.

ఎలక్ట్రాన్ ఒరిగితే సుడికీ ఎదురుతోపు తగలాలిగా, తగులుతుంది. అయస్కాంత మండలాల (స్పిన్‌లన్నీ ఒకే దిక్కు చూసే ప్రాంతాల) మధ్య గోడల్ని కదపడానికి మామూలుగా పట్టే కరెంటులో లక్షో వంతుతోనే ఈ సుడులు కదిలాయని 2010లో చూపించారు. మెమరీ చిప్‌ల వాళ్లకి ఆశ పుట్టింది అందుకే, సరుకు మాత్రం ఇంకా బజారుకి రాలేదు.

మీవాడు ఏ పదార్థం పట్టుకున్నాడో అడగండి. మాంగనీస్ సిలిసైడ్ అయితే మైనస్ 244 డిగ్రీల కిందికి చల్లార్చాలి, హీలియం ఖర్చు తడిసి మోపెడు. ఐరన్ జెర్మేనియం అయితే 5 డిగ్రీల దరిదాపుల్లోనే పనవుతుంది, కోరాపుట్ కొండల మీద పుష్యమాసపు చలి దాదాపు సరిపోతుంది.